మాల్ సెల్లార్‌లో కారు చార్జింగ్, గేటు దగ్గర పార్కింగ్ రుసుము: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు మాల్ సెల్లార్‌లో మొదటిసారి చార్జింగ్ పెట్టి బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగిపోతారు. యాప్‌లో కరెంటు డబ్బు అప్పటికే కట్టి ఉంటారు. గేటు దగ్గరి మనిషి మళ్లీ పార్కింగ్ డబ్బు అడుగుతాడు. అక్కడ మొదలయ్యే సందేహాలకు ఇవి జవాబులు. ఎక్కువ భాగం హైదరాబాద్ గురించే. ఆంధ్రప్రదేశ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లకు చివర్లో కొంత ఉంది.

చార్జింగ్‌కు డబ్బు కట్టాక మళ్లీ పార్కింగ్ రుసుము ఎందుకు?

మీరు ఇద్దరికి బాకీ పడుతున్నారు కాబట్టి. చార్జర్ పెట్టిన కంపెనీ వేరు, స్థలం యజమాని వేరు. పార్కింగ్ నిర్వహణ చాలాచోట్ల మూడో మనిషి చేతిలో, అంటే కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. చార్జర్ కంపెనీ మాల్ నుంచి నాలుగైదు కార్లు నిలిపే చోటు తీసుకుని, అద్దెగానో ఆదాయంలో వాటాగానో మాల్‌కు ఇస్తుంది. మీరు యాప్‌లో కట్టేది ఆ కంపెనీకి చేరుతుంది, గేటు దగ్గర కట్టేది పార్కింగ్ నడిపేవాళ్లకు. ఒకరి లెక్క యూనిట్లలో, మరొకరి లెక్క గంటల్లో. ఈ రెండు లెక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. తలనొప్పంతా అక్కడే.

ఈ ఏర్పాటు సాధ్యం కావడానికి మూలం 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణ. వాహనాన్ని చార్జ్ చేయడం కరెంటు అమ్మకం కాదు, ఒక సేవ, దానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదు అని ఆ శాఖ తేల్చింది. దాంతో ఎవరైనా, ఎక్కడైనా చార్జర్ పెట్టుకోవడానికి దారి తెరుచుకుంది. మన సెల్లార్లలోకి ఇన్ని రంగుల పెట్టెలు వచ్చింది అలాగే.

తెలంగాణలో మాల్ పార్కింగ్ రుసుముకు నియమం ఉందా?

ఉంది. పురపాలక శాఖ 2018 మార్చిలో ఇచ్చిన జీవో 63. వాణిజ్య సముదాయాలు, మాల్స్, మల్టీప్లెక్సులకు ఇది వర్తిస్తుంది. మొదటి అరగంటకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోకూడదు, మీరు ఏమీ కొనకపోయినా సరే. అరగంట దాటి గంటలోపు అయితే అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు, మొత్తం ఎంతైనా పర్వాలేదు. గంట దాటితే, మీ బిల్లు లేదా సినిమా టికెట్ విలువ పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ ఉండాలి. ఉంటే రుసుము లేదు, లేకపోతే కట్టాలి.

ఒకే తెర ఉన్న సినిమా హాళ్ల సంగతి వేరు. 2021 జులైలో వాటికి పార్కింగ్ రుసుము తీసుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కాబట్టి జీవో 63 పేరు చెప్పి అక్కడ వాదనకు దిగకండి.

ఆ అరగంట ఎప్పటి నుంచి లెక్క? చార్జింగ్ మొదలైనప్పటి నుంచా?

కాదు. గేటు దగ్గర టోకెన్ తీసుకున్న క్షణం నుంచి. ఆదివారం సాయంత్రం రెండో సెల్లార్‌కు దిగి, చార్జర్ ఎక్కడుందో వెతికి, యాప్ తెరిచి గన్ (కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్) పెట్టేసరికే పది పదిహేను నిమిషాలు పోతాయి. తిరిగి పైకి వచ్చే వరుస ఇంకో పది. అరగంట ఉచితం అన్న మాట వారాంతంలో చార్జింగ్‌కు ఏమాత్రం పనికిరాదని నా అభిప్రాయం. మంగళవారం ఉదయం పదకొండుకు వెళ్లండి, అప్పుడు అదే అరగంట చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

చార్జింగ్ రసీదును బిల్లుగా చూపిస్తే ఒప్పుకుంటారా?

జీవోలో చార్జింగ్ ప్రస్తావన లేదు. 2018లో మాల్ సెల్లార్‌లో కారు చార్జింగ్ పెట్టుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు కనుక? నియమం రాసినవాళ్ల మనసులో ఉన్నది బట్టల దుకాణం, పాప్‌కార్న్, సినిమా.

నా వాదన ఇది: ఆ ఆవరణలో డబ్బు ఖర్చుపెట్టి ఒక సేవ పొందాను, దానికి పన్నుతో కూడిన రసీదు ఉంది, అది బిల్లే. గేటు దగ్గరి మనిషి వాదన ఇది: మాల్‌లోని దుకాణం పేరు దీని మీద లేదు. న్యాయం ఎవరి వైపు ఉన్నా మీ వెనక పది కార్లు హారన్ కొడుతుంటే గెలిచేది అతనే. అందుకని రసీదు ముందుగా చూపించండి, కాదంటే పార్కింగ్ కార్యాలయంలో అడగండి. ఇంకా సులువు కావాలంటే పైన ఒక కాఫీ తాగండి. మాల్ కాఫీ ధర ఎలాగూ పార్కింగ్ రుసుము కంటే ఎక్కువే ఉంటుంది, ఆ బిల్లును ఎవరూ కాదనలేరు. కానీ రుసుము తప్పించుకోవడానికే రెండు వందల కాఫీ తాగడం లెక్కల్లో దండగ పని అని మాత్రం గుర్తుంచుకోండి.

ఫాస్టాగ్‌తో డబ్బు తానే కోసుకునే గేట్లు ఉన్నచోట, బిల్లు ఉంటే బయలుదేరక ముందే కౌంటర్‌లో చూపించి నమోదు చేయించుకోండి. కోత పడ్డాక వెనక్కి రాబట్టడం వేరే యుద్ధం.

నెమ్మదైన చార్జర్ చౌక, వేగమైనది ఖరీదు అంటారు. నిజమేనా?

పార్కింగ్ రుసుము లేనిచోట నిజం. రుసుము ఉన్నచోట తలకిందులు కావచ్చు. ఈ ప్రశ్నలన్నిటిలో డబ్బు దాగి ఉన్నది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

పార్కింగ్ గంటకు 30 రూపాయలు అనుకుందాం. నెమ్మదైన ఏసీ చార్జర్ దగ్గర యూనిట్ 15 రూపాయలు, వేగమైన డీసీ దగ్గర 22 రూపాయలు అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న ధరలు, మీ ఊరివి వేసుకోండి.

మీ కారు ఏసీ మీద 3.3 కిలోవాట్లు మాత్రమే తీసుకోగలదు అనుకోండి. గంటకు 3.3 యూనిట్లు ఎక్కుతాయి. ఆ గంట పార్కింగ్ 30 రూపాయలను వాటి మీద పంచితే యూనిట్‌కు 9 రూపాయలు పడుతుంది. 15కు 9 కలిపితే 24. అదే చార్జర్ దగ్గర 7.2 కిలోవాట్లు తీసుకునే కారు ఉంటే గంటకు 7.2 యూనిట్లు, పార్కింగ్ వాటా యూనిట్‌కు 4 రూపాయల పైచిలుకు, మొత్తం 19. ఇక డీసీ చార్జర్ మీద గంటకు సగటున 25 యూనిట్లు ఎక్కుతున్నాయనుకుంటే పార్కింగ్ వాటా రూపాయి చిల్లర. మొత్తం 23 రూపాయల చిల్లర.

అంటే 3.3 కిలోవాట్ల కారుకు "చౌక" చార్జరే అన్నిటికంటే ఖరీదైనది. ఒకే సెల్లార్, ఒకే చార్జర్, పక్కపక్కన రెండు కార్లు, యూనిట్‌కు 5 రూపాయల తేడా. బోర్డు మీద మాత్రం ఇద్దరికీ ఒకటే ధర కనిపిస్తుంది.

కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది చార్జర్ శక్తి కాదు, మీ కారు లోపలి చార్జర్ (ఏసీ కరెంటును బ్యాటరీకి ఎక్కేలా మార్చేది) శక్తి. టాటా టియాగో ఈవీని 3.3 కిలోవాట్లతోనూ 7.2 కిలోవాట్లతోనూ అమ్మారు. మొదట వచ్చిన ఎంజీ కామెట్‌కు 3.3 మాత్రమే, పైగా దానికి డీసీ వేగ చార్జింగ్ సదుపాయమే లేదు. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ 11 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. ఏసీ గన్ మీద 22 కిలోవాట్లు అని రాసి ఉన్నా, మీ కారు తనకు చేతనైనంతే తాగుతుంది.

పార్కింగ్ రుసుము బిల్లుతో మాఫీ అయ్యే సందర్భం ఉంటే ఈ లెక్కంతా మారిపోతుంది. మూడు గంటల సినిమా టికెట్ ఉంది, పార్కింగ్ మాఫీ, 7.2 కిలోవాట్ల కారు: దాదాపు 20 యూనిట్లు ఏసీ ధరకే ఎక్కుతాయి. సెల్లార్ చార్జింగ్‌లో ఇంతకన్నా మంచి బేరం లేదు.

అయితే డీసీ చార్జర్ దగ్గర వంద శాతం నింపుకుని వచ్చేయమంటారా?

వద్దు. 80 శాతం దాటాక బ్యాటరీ కాపాడుకోవడానికి కారు తానే వేగం తగ్గించుకుంటుంది. చివరి 20 శాతానికి పట్టే సమయం, అంతకుముందు సగం బ్యాటరీ నిండటానికి పట్టిన సమయంతో పోటీ పడుతుంది. ఆ సమయానికి పార్కింగ్ మీటరు తిరుగుతూనే ఉంటుంది, మీ వెనక ఇంకొకరు ఎదురుచూస్తూనే ఉంటారు. 80కి తీసేయండి.

యాప్‌లో 18 రూపాయలు అని ఉంది, కోసుకున్నది 21. ఎందుకు?

జీఎస్టీ. చార్జింగ్ సేవ అన్నారు కదా, సేవ కాబట్టి 18 శాతం పన్ను. 18 రూపాయల మీద అది కలిస్తే 21 రూపాయల 24 పైసలు. కారు కొన్నప్పుడు మీరు కట్టింది 5 శాతమే కాబట్టి ఇది కొంచెం మండిస్తుంది. కొన్ని యాప్‌లు పన్ను కలిపి చూపిస్తాయి, కొన్ని కలపకుండా. రెండు చార్జర్ల ధరలు పోల్చేముందు అది చూసుకోండి.

పగటిపూట చార్జింగ్ చౌక అని విన్నాను.

కేంద్రం 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాగే ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు, అంటే సౌర విద్యుత్ దండిగా ఉండే వేళలో, చార్జింగ్ కేంద్రానికి ఇచ్చే కరెంటు ధర సగటు సరఫరా వ్యయంలో 0.7 వంతు ఉండాలి, మిగిలిన వేళల్లో 1.3 రెట్లు. కానీ అది పంపిణీ సంస్థ చార్జింగ్ కంపెనీకి వేసే ధర. కంపెనీ దాని మీద తన సేవా రుసుము వేసుకుని మీకు అమ్ముతుంది. పగటి తగ్గింపు మీ దాకా వస్తోందా లేదా అన్నది యాప్‌లోనే కనిపిస్తుంది. మాల్‌కు జనం వెళ్లేదేమో సాయంత్రం ఆరు తర్వాత. చౌక కరెంటు ఉన్నప్పుడు సెల్లార్ ఖాళీ, సెల్లార్ నిండినప్పుడు కరెంటు ప్రియం.

నాది ఆకుపచ్చ నంబరు ప్లేటు. పార్కింగ్ ఉచితం కాదా?

కాదు. ఆకుపచ్చ ప్లేటు వాహనాన్ని గుర్తుపట్టడానికి. తెల్ల అక్షరాలుంటే సొంత కారు, పసుపు అక్షరాలుంటే అద్దెకు తిరిగే కారు. తెలంగాణలో 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41 ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చింది. ప్రైవేటు మాల్ పార్కింగ్ రుసుము ఆ మినహాయింపులో లేదు. ప్లేటుతో ఒక ఉపయోగం మాత్రం ఉంది: చార్జింగ్ చోటు ఖాళీగా ఉంచమని సెక్యూరిటీకి చెప్పడం సులువు, ఏ కారును రానివ్వాలో దూరం నుంచే తెలుస్తుంది.

చార్జర్ ముందు పెట్రోల్ కారు నిలిపి ఉంటే?

నగరంలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. మీరు చేయగలిగింది ఫ్లోర్ సెక్యూరిటీకి చెప్పి ఆ కారు నంబరు మైకులో చదివించడం. చాలా మాల్స్ ఆ పని చేస్తాయి. ఎదురుచూసిన సమయానికి పార్కింగ్ రుసుము పడుతుంది కాబట్టి, పది నిమిషాల్లో కదలకపోతే అరగంటలోపే బయటపడటం మంచిది.

కోపం మాత్రం పెట్రోల్ కారు మనిషి మీద సగమే ఉంచుకోండి. నేల మీద రంగు వేయకుండా, గోడకు బోర్డు పెట్టకుండా, లిఫ్టుకు దగ్గరలో చార్జర్ పెట్టి ఆదివారం దాన్ని ఖాళీగా ఉంచాలని ఆశించిన నిర్వాహకులకు మిగతా సగం. లిఫ్టుకు దూరంగా, మూల మీద పెట్టిన చార్జర్ల ముందు పెట్రోల్ కార్లు అంతగా ఆగవు. ఆకుపచ్చ ప్లేటు ఉన్నవాళ్లే చార్జింగ్ పెట్టకుండా ఆ చోట నిలిపి సినిమాకు పోవడం ఇంకా ఘోరం. వాళ్లను ఏమనాలో నాకు తెలుసు కానీ ఇక్కడ రాయలేను.

అసలు ఇంత పెద్ద సెల్లార్లలో నాలుగు చార్జర్లేనా?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2019లో నమూనా భవన నిబంధనలను సవరించి, పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతం చోట్లకు చార్జింగ్ ఏర్పాటు ఉండాలని చెప్పింది. నమూనా అన్నది ఇక్కడ ముఖ్యమైన మాట. రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకోవాలి, ఆ తర్వాత కట్టే భవనాలకే అది పట్టుకుంటుంది. మీరు వెళ్లే మాల్ చాలావరకు దానికి ముందే కట్టినది. పాత భవనంలో ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ఎయిర్ కండిషనర్లకు, లిఫ్టులకే సరిపెట్టి ఉంటుంది. 60 కిలోవాట్ల డీసీ చార్జర్ ఒక్కటి పెట్టాలన్నా విద్యుత్ లోడు పెంచుకోవాలి.

సెల్లార్‌లో సిగ్నల్ రాదు. యాప్ తెరుచుకోదు. చార్జింగ్ ఎలా మొదలుపెట్టాలి?

పైనే ఉండగా యాప్ తెరిచి, వాలెట్‌లో డబ్బు వేసుకుని, చార్జర్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని దిగండి. కింద మాల్ వైఫై ఉంటే ముందుగానే దానికి కలుపుకోండి. కొన్ని కంపెనీలు ఆర్‌ఎఫ్ఐడీ కార్డు ఇస్తాయి, పెట్టెకు ఆనిస్తే చాలు, ఫోను అవసరం లేదు. సెల్లార్లకు తరచుగా వెళ్లేవాళ్లకు ఆ కార్డు తీసుకోవడం మేలు. అయితే చార్జర్‌లోనూ ఒక సిమ్ ఉంటుంది, దానికే సిగ్నల్ లేకపోతే మీ కార్డు కూడా పనిచేయకపోవచ్చు.

చార్జర్ పాడైతే గేటు దగ్గర రుసుము మాఫీ చేస్తారా?

చేయాల్సిన పని లేదని వాళ్లంటారు. వాళ్ల లెక్కలో మీరు స్థలం వాడుకున్నారు. అందుకే దిగేముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, యాప్‌లో ఆ చార్జర్ ఇటీవల ఎవరైనా వాడినట్లు ఉందా. రెండు, గన్ రకం. డీసీ అని రాసి ఉన్నంత మాత్రాన మీ కారుకు సరిపోదు. పాత భారత్ డీసీ-001 పెట్టెలు 15 కిలోవాట్లవి, వాటి గన్ వేరు. ఇప్పటి కార్లకు ఉండేది సీసీఎస్2. ఆ పాత పెట్టెలు కొన్ని మ్యాపుల్లో ఇంకా "డీసీ వేగ చార్జర్" అని కనిపిస్తూనే ఉంటాయి.

చార్జింగ్ జరగకుండా వాలెట్‌లో డబ్బు పోతే ముందు కంపెనీకి స్క్రీన్‌షాట్‌తో రాయండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జీవోకు విరుద్ధంగా పార్కింగ్ రుసుము తీసుకుంటే టోకెన్, రసీదు రెండూ దాచుకుని మున్సిపల్ అధికారులకు ఫిర్యాదు చేయండి. రసీదు లేని ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది.

చార్జింగ్ పూర్తయ్యాక కారు అక్కడే వదిలేస్తే?

కొన్ని కంపెనీలు కొద్ది నిమిషాల గడువు తర్వాత నిమిషానికి ఇంత అని వేస్తాయి. ఇది పార్కింగ్ రుసుముకు అదనం, గేటుతో సంబంధం లేదు, వాలెట్ నుంచే పోతుంది. ఇది అన్యాయం అనేవాళ్లున్నారు, నేను మాత్రం దీన్ని పూర్తిగా సమర్థిస్తాను. సినిమా ముగిసే వేళకు కాకుండా విరామానికే చార్జింగ్ పూర్తయ్యేలా ఉంటే దిగి వచ్చి తీయండి, లేదా ఏసీ చార్జర్ ఎంచుకోండి.

వాలే పార్కింగ్ వాళ్లకు తాళం ఇస్తే వాళ్లే చార్జింగ్ పెడతారా?

గన్ పెడతారు, కానీ మొదలుపెట్టాల్సింది మీ ఫోనులోని యాప్. క్యూఆర్ కోడ్ ఫొటో వాట్సాప్‌లో పంపించమని అడగండి, లేదా చార్జర్ నంబరు చెప్పించుకుని యాప్‌లో వేయండి. వాలే రుసుముకు జీవో 63 మినహాయింపు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

వానాకాలంలో సెల్లార్‌లో చార్జింగ్ పెట్టవచ్చా?

పొడిగా ఉంటే పెట్టవచ్చు. హైదరాబాద్ సెల్లార్లు ఎంత తొందరగా నిండుతాయో 2020 అక్టోబరు వరదలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేల మీద నీళ్లు నిలిచిన చోట చార్జింగే కాదు, కారే పెట్టకండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎలా?

2025 ఏప్రిల్ నుంచి అక్కడి మాల్స్, మల్టీప్లెక్సుల్లోనూ ఇదే తరహా నియమం ఉంది: అరగంట ఉచితం, గంటలోపు బిల్లు చూపిస్తే ఉచితం, ఆ పైన బిల్లు లేదా టికెట్ విలువను బట్టి. పైన చెప్పిన యూనిట్ లెక్క విజయవాడకైనా విశాఖకైనా అలాగే పనికొస్తుంది. ప్రభుత్వ స్థలాల్లో చార్జింగ్ కేంద్రాల బాధ్యత చూసే సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉన్నాడు. అక్కడి సిటీ గ్యారేజీల్లోనూ ఇలాగే రెండు బిల్లులా?

చాలాచోట్ల అలాగే. గ్యారేజీ సాక్షాత్తు నగర పాలక సంస్థదే అయినా పార్కింగ్ రుసుము వేరు, చార్జింగ్ రుసుము వేరు. గంటల లెక్కన కాకుండా యూనిట్ల లెక్కన కరెంటు అమ్మాలని ఆ రాష్ట్రం నియమం పెట్టింది. కొత్తగా పెట్టే ఏసీ చార్జర్లకు అది 2021 నుంచి, డీసీ చార్జర్లకు 2023 నుంచి వర్తిస్తోంది. పాతవాటికి ఇంకా గడువు ఉంది కాబట్టి గంటకు ఇంత అనే పెట్టెలు కనిపిస్తాయి. అలాంటి పెట్టెల దగ్గర నెమ్మదైన కారుకు దెబ్బ రెండుసార్లు తగులుతుంది, పార్కింగ్‌లోనూ చార్జింగ్‌లోనూ. పెట్రోల్ కారు అడ్డం పెట్టే విషయంలో మాత్రం వాళ్లు మనకంటే ముందున్నారు: చార్జింగ్ చోట గన్ తగిలించకుండా నిలిపిన వాహనాన్ని, బోర్డు సరిగా పెట్టి ఉంటే, లాక్కెళ్లడానికి వాహన చట్టం అనుమతిస్తుంది. ఎలక్ట్రిక్ కారైనా సరే, చార్జింగ్‌లో లేకపోతే అదే గతి.

ఇంట్లో చార్జింగ్ లేదు. మాల్ సెల్లార్ల మీదే కారు నడపవచ్చా?

నడపవచ్చు, కానీ కారు కొనేముందే కాగితం మీద లెక్క వేసుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు సుమారు 130 నుంచి 150 యూనిట్లు పడుతుంది. పార్కింగ్‌తో కలిపి యూనిట్ 24 రూపాయలు పడితే నెలకు మూడు వేల నూట ఇరవై నుంచి మూడు వేల ఆరు వందల మధ్య తేలుతుంది, పెట్రోల్‌తో పోలిస్తే ఇంకా తక్కువే. పోయేది డబ్బు కంటే సమయం. వారానికోసారి ఎలాగూ మాల్‌కో సినిమాకో వెళ్లే కుటుంబానికి ఇది సాగుతుంది. చార్జింగ్ కోసమే మాల్‌కు వెళ్లాల్సి వస్తే, ముందు అపార్ట్‌మెంట్ సంఘంతో మాట్లాడి మీ పార్కింగ్ చోటుకు మీటరుతో ఒక ప్లగ్ పెట్టించుకునే ప్రయత్నం చేయండి. రాత్రంతా 3.3 కిలోవాట్లతో ఎక్కినా అక్కడ గంటకు ఎవరూ రుసుము అడగరు.